వాడడంలో తేడాలు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చేలలో ఎండు తెగుళ్ళు

2000 ఖరీఫ్‌లో ఉమ్మడి అనంతపురం జిల్లాలో వేరుశనగ ఎండిపోయింది. అనంతపురంలో వేరుశనగ ఎండడం కూడా ఒక వార్తేనా అని ఎవరైనా అడగొచ్చు. ఏడాదికి సగటున 552 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా అది. లోతు తక్కువ ఎర్రనేలల్లో బెట్టకు చేను వాలిపోవడం అక్కడ ప్రతి రైతూ చూసిందే. ఆ ఏడు జరిగింది మాత్రం వేరు. లేత మొక్కలకు కొసాకుల మీద గోధుమరంగు మచ్చలు వచ్చాయి, కాడలు మాడాయి, కాండం మీద నల్లటి చారలు దిగాయి, మొవ్వు ఎండి మొక్క చచ్చింది. దాదాపు 2 లక్షల 25 వేల హెక్టార్లలో ఈ తెగులు కనిపించింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా కట్టారు.

చూపుకు అది రైతులకు అంతకుముందే తెలిసిన మొవ్వుకుళ్ళులాగే ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించాక తేలిన సంగతి వేరు: అది పొగాకు స్ట్రీక్ వైరస్. ఈ వైరస్‌కు వేరుశనగ అసలు ఇల్లు కాదు. గట్ల మీద, బీళ్ళలో, రోడ్ల వారన విరగబూసే వయ్యారిభామ దాని స్థావరం. ఆ కలుపు మొక్కలో వైరస్ పెద్దగా బయటపడకుండా ఉంటుంది, పుప్పొడిలోకి చేరుతుంది. ఆ పుప్పొడి గాలికి ఎగిరీ, తామర పురుగుల ఒంటికి అంటుకునీ వేరుశనగ ఆకు మీద పడుతుంది. తామర పురుగు ఆకును గీకి రసం పీల్చేటప్పుడు, ఆ గాటులోంచి వైరస్ మొక్కలోకి దిగుతుంది. అంతకు మూడేళ్ళ ముందు, 1997లో, పెనుకొండ నుంచి బెంగళూరు పోయే దారిలో ఉన్న బాగేపల్లి ప్రాంతంలో పొద్దుతిరుగుడు ఇలాగే మాడిపోయింది. దానికి కారణమూ ఈ వైరస్సే.

ఈ కథను ముందు చెప్పడానికి కారణం ఉంది. జబ్బు పైకి కనబడ్డాక పురుగుమందు కొట్టి ప్రయోజనం లేదు. వేరుశనగ మొక్క నుంచి మరో వేరుశనగ మొక్కకు ఈ తెగులు పాకడం దాదాపు ఉండదు. అది బయటి కలుపు నుంచే వస్తుంది. అంటే చేనులో కొట్టిన మందు చేనులో లేని శత్రువు మీద కొట్టినట్టు. చేయగలిగినవి మూడే పనులు. వయ్యారిభామను పూతకు రాకముందే పీకాలి. చేను చుట్టూ జొన్నో సజ్జో ఒత్తుగా కొన్ని సాళ్ళు వేసి గాలిలో వచ్చే పుప్పొడినీ పురుగునూ అక్కడే ఆపాలి. విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ పట్టించి లేత దశలో తామర పురుగును అదుపు చేయాలి. మూడూ మొక్క వాడకముందు చేయాల్సినవే. మిగతా ఎండు తెగుళ్ళ సంగతీ ఇంచుమించు ఇంతే. అయినా మన దగ్గర వైద్యం ఎక్కువగా మొక్క వాడాక, మందుల అంగడి గల్లా దగ్గరే మొదలవుతోంది. ‘చేను వాడుతోంది, ఏదైనా మందియ్యి’ అనే మాటలో జబ్బు పేరు ఉండదు. ఇచ్చే సీసాలో కూడా ఉండదు.

మొక్క వాడిందంటే ఆకు ఆవిరిగా వదిలే నీటికి సరిపడా నీరు కింది నుంచి పైకి రావడం లేదని అర్థం. అది నేలలో నీరు లేకనైనా కావచ్చు, వేరు చెడైనా కావచ్చు, కాండంలోని నీటి గొట్టాలు మూసుకుపోయైనా కావచ్చు. మధ్యాహ్నం వాలి, చల్లబడ్డాక లేచి, పొద్దున్నే నిటారుగా కనిపించే మొక్కకు ఉన్నది దాహం. తెల్లవారుజామున కూడా లేవని మొక్కకు ఉన్నది జబ్బు, లేదా వేరు దెబ్బతినడం. కాబట్టి పొలానికి పోయి చూడాల్సిన వేళ మధ్యాహ్నం కాదు, పొద్దు పొడిచే వేళ. డ్రిప్పు వచ్చాక మరో చిక్కు వచ్చింది. మొక్క మొదలు దగ్గర ఎప్పుడూ తడి నిలిచే చోట వేరుకు గాలి ఆడదు, మొక్క సరిగ్గా దప్పిక పడ్డదానిలాగే వాలుతుంది. దాన్ని చూసి ఇంకో గంట నీళ్ళు వదిలేవాళ్ళున్నారు. పెరట్లో చామంతినీ గులాబీనీ ప్రేమతో చంపేది ఎక్కువగా ఇదే.

పొలంలో ఎక్కడ వాడింది అన్నది రెండో ప్రశ్న. చేను మొత్తం ఒకే తీరుగా వాడితే నీరో ఎండో. రాళ్ళు తేలిన మెరక మీద మాత్రమే వాడితే నేల లోతు లేకపోవడం. అక్కడో మొక్క ఇక్కడో మొక్క చొప్పున చస్తే విత్తనంతో వచ్చిన బూజు. గుండ్రంగా మచ్చలు మచ్చలుగా పెరుగుతూ పోతే నేలలో ఉన్నది బూజో వేరుపురుగో. గట్టు వార నుంచి లోపలికి వస్తే బయటి కలుపును అనుమానించాలి. పీకి చూడకుండానే సగం సంగతి ఇక్కడే తెలుస్తుంది. మిగతా సగం పీకితేనే తెలుస్తుంది.

వేరుశనగ ఈ నేల ప్రధాన పంట. ఒక దశలో ఉమ్మడి జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్ల దాకా వేశారు. ఇప్పుడు తగ్గినా, 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లాగా విడిపోయిన ఈ మూడు పట్టణాల చుట్టూ ఇంకా శనక్కాయ చేలే కనిపిస్తాయి. అందుకే దీన్ని కాస్త నిలబడి చూడాలి. మొలిచిన మొదటి నెలలో మొక్క వాలి చస్తే పీకి, నేలకు ఆనుకుని ఉండే మెడ భాగం చూడండి. అక్కడ కుళ్ళి, నల్లటి మసిలాంటి పొడి చేతికి అంటితే అది మొదలుకుళ్ళు, ఆస్పర్జిల్లస్ నైజర్ అనే బూజు పని. ఇంట్లో ఉల్లిపాయ మీద పట్టే నల్ల బూజు చుట్టమే ఇది. విత్తనం మీద ఉంటుంది, నేలలోనూ ఉంటుంది. వేడి నేలలో, దెబ్బతిన్న విత్తనం మీద ఇది రెచ్చిపోతుంది. గింజ పొర చిట్లిందంటే దానికి తలుపు తెరిచినట్టే. మిషన్‌లో ఒలిచిన విత్తనంలో ఈ బాధ ఎక్కువ, చేత్తో ఒలిచి ఏరుకున్న విత్తనంలో తక్కువ. పెద్దవాళ్ళు విత్తనం కాయను ఇంట్లో కూర్చుని ఒలవడం వెనక ఉన్న లాభం ఇది.

రెండో నెల దాటి, చేను సాళ్ళు కమ్ముకున్నాక ఒక కొమ్మో మొత్తం మొక్కో పసుపు తిరిగి వాలితే ఆకులు పక్కకు తోసి మొదట్లో చూడాలి. తెల్లటి దారాల్లాంటి బూజు, దాని మీద ఆవగింజలంత గుండ్రటి గింజలు కనిపిస్తే అది స్క్లెరోషియం రోల్ఫ్సి తెచ్చే కాండంకుళ్ళు. ఆ గింజలు మొదట తెల్లగా ఉండి తర్వాత గోధుమరంగుకు తిరుగుతాయి, నేలలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. వందల రకాల మొక్కలను ఇది తింటుంది కాబట్టి ఇవాళ శనక్కాయ, రేపు టమాట అని మార్చినంత మాత్రాన ఆకలితో చావదు. బెట్ట తర్వాత వాన పడితే, రాలిన ఆకు మొదళ్ళ దగ్గర కుళ్ళుతుంటే దీనికి పండగ. కనిపించిన వెంటనే ఆ మచ్చ చుట్టూ లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల హెక్సాకొనజోల్ కలిపి మొదళ్ళు తడిసేలా పోస్తే పక్క మొక్కలు నిలబడవచ్చు. వాడిన మొక్క మాత్రం లేవదు.

మూడోది మాక్రోఫోమినా, ఎండు వేరుకుళ్ళు. ఇది అచ్చంగా మన వాతావరణానికి సరిపోయిన బూజు. వేడి, పొడి రెండూ కలిసినప్పుడు వస్తుంది. వేరు పెళుసై పుటుక్కున విరుగుతుంది, బెరడు ఊడుతుంది, లోపల పొడి మిరియాల్లాంటి నల్లటి చుక్కలు కనిపిస్తాయి. బెట్టకు వాడింది అనుకుని వదిలేసిన మొక్కల్లో కొన్ని నిజానికి దీనివల్ల పోతాయి. బెట్ట తలుపు తెరుస్తుంది, బూజు లోపలికి పోతుంది. ఈ రెంటినీ విడదీయడం ఒక్కోసారి అనుభవమున్న శాస్త్రవేత్తకు కూడా సులభం కాదు.

నాలుగోది బూజు కాదు, వేరుపురుగు. మొక్కను పట్టి లాగితే ఏ బిగువూ లేకుండా చేతికొస్తే, కింద వేరు కొరికేసి ఉంటే, అక్కడే నేల తవ్వి చూస్తే తెల్లగా చంద్రవంకలా ముడుచుకున్న పురుగు దొరుకుతుంది. దీనికి బూజుమందు పోసినవాళ్ళు డబ్బు పారబోసుకున్నట్టే. దీని తల్లి పెంకుపురుగు. తొలకరి వాన పడ్డ రాత్రి నేలలోంచి లేచి వేప, రేగు చెట్ల మీద వాలుతుంది. ఊరంతా కలిసి ఆ నాలుగు రాత్రులు కొమ్మలు దులిపి పురుగులను ఏరి చంపితే ఆ ఏటి బాధ చాలా తగ్గుతుంది. ఒక్కరే చేస్తే పక్క చేను నుంచి వస్తాయి. దీనికి రైతులు ఏళ్ళ తరబడి వాడిన ఫోరేట్ గుళికలను 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధించారు. ఎక్కడైనా పాత సరుకు ఇస్తామంటే తీసుకోకండి.

కందికి వస్తే కథ వేరు, ఇది గెలిచిన కథ. బ్రిటిష్ ప్రభుత్వం తరఫున బీహారులోని పూసాలో పనిచేసిన ఇ.జె. బట్లర్ 1906లో కంది ఎండు తెగులును వర్ణించాడు, 1910లో దాని బూజుకు ఫ్యుజేరియం ఉడమ్ అని పేరు పెట్టాడు. ఈ బూజు వేరులోంచి దూరి నీటి గొట్టాల్లో కాపురం పెడుతుంది. మొక్క దాన్ని ఆపబోయి తన గొట్టాలను తానే మూసుకుంటుంది. పూత, పిందె దశలో, సరిగ్గా రైతు ఆశ పెట్టుకునే వేళ మొక్క వాడుతుంది. గుర్తుపట్టడం సులభం: మొదలు నుంచి పైకి ఊదారంగు పట్టీ ఒకటి పాకి ఉంటుంది. కాండాన్ని నిలువుగా చీలిస్తే లోపల గోధుమ, నలుపు గీతలు కనిపిస్తాయి. ఒక్కోసారి ఒక వైపు కొమ్మలే చచ్చి, రెండో వైపు పచ్చగా ఉంటుంది. వాన ఎక్కువై నీరు నిలిచిన చోట నెలా రెండు నెలల మొక్క హఠాత్తుగా ఎండి, కాండం మీద నొక్కుకుపోయిన మచ్చ ఉంటే అది ఫైటోఫ్తోరా. రెంటినీ రైతు కంది ఎండు తెగులే అంటాడు. మందు వేరు, తప్పించుకునే దారీ వేరు. ఫైటోఫ్తోరాకు మురుగు కాలువ చాలా వరకు చాలు.

ఫ్యుజేరియంకు సీసాలో మందు లేదు. ఇక్రిశాట్ వాళ్ళు పటాన్‌చెరులో నేలను కావాలని ఆ బూజుతో నింపి, వేల రకాల కందిని అందులో నాటి, ఏది చావదో చూశారు. అలా తేలిన ఐ.సి.పి. 8863ను 1986లో కర్ణాటకలో మారుతి పేరుతో విడుదల చేశారు. 1993లో వచ్చిన ఆశ ఎండు తెగులునూ వెర్రి తెగులునూ రెంటినీ తట్టుకుంటుంది. ఎనభై ఏళ్ళ బాధకు విత్తనమే మందు అయింది. నా లెక్కలో తెలుగు, కన్నడ రైతులకు మొక్కల జబ్బుల శాస్త్రం చేసిన పెద్ద మేళ్ళలో ఇదొకటి. అయితే ఈ రకాలు తెచ్చుకున్నవాళ్ళు కూడా ఏటా అదే చేనులో కంది వేస్తే, కొత్త తెగ బూజుకు దారి ఇచ్చినట్టే. కంది మోడు నేలలో ఉన్నన్నాళ్ళు బూజూ ఉంటుంది. మధ్యలో ఒకటి రెండేళ్ళు జొన్న వేస్తే అది చిక్కిపోతుంది. జొన్నలో కందిని సాళ్ళుగా కలిపి వేసిన చోట ఎండు తెగులు తక్కువగా ఉండడం పరిశోధనల్లోనూ తేలింది, పాత రైతులకూ తెలుసు.

ఫ్యుజేరియం జాతిలో ఒక విచిత్రం ఉంది. చూడడానికి ఒకటేగా ఉన్నా ఒక్కో పంటకు ఒక్కో తెగ కేటాయించినట్టు ఉంటుంది. టమాటను చంపేది అరటిని ముట్టదు, అరటిని చంపేది శనగను ముట్టదు. మన రైతుకు దీని వల్ల దక్కే లాభం ఒకటుంది. జబ్బు పేరు తెలిస్తే, పంట మార్చితే అది చస్తుందా చావదా అన్నది ముందే చెప్పొచ్చు. ఫ్యుజేరియం అయితే పంట మార్పిడి కొంతవరకు పనిచేస్తుంది. స్క్లెరోషియం, మాక్రోఫోమినా అయితే దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడకూడదు.

టమాటలో ఒక చిన్న పరీక్ష ఉంది, ఖర్చు లేనిది. ఆకులు పసుపు తిరగకుండానే, పచ్చగా ఉండగానే మొక్క ఒక్కసారిగా వాలిపోతే మొదలు దగ్గర రెండు మూడు అంగుళాల కాండం ముక్క కోసి, గాజు గ్లాసులో మంచినీళ్ళు పోసి, ముక్క కొస నీళ్ళలో మునిగేలా పట్టుకోండి. కొన్ని నిమిషాల్లో కోసిన చోటి నుంచి పాల దారాలు కిందికి జారితే అది బాక్టీరియా ఎండు తెగులు, రాల్‌స్టోనియా. దారాలు లేకుండా, కింది ఆకులు ఒక వైపు పసుపు తిరిగి ఉంటే ఫ్యుజేరియం. వేరు మీద బుడిపెలు కనిపిస్తే నులిపురుగులు. బాక్టీరియా అయితే ఆ మొక్కను కాపాడే మందు ఏదీ లేదు. వంగ, మిరప, బంగాళాదుంప కూడా ఆ నేలలో వేయకూడదు, అవన్నీ దాని ఆహారమే. బెంగళూరు దగ్గర హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ లాంటి తట్టుకునే రకాలు ఒక దారి. అడవి వంగ వేరు మీద అంటు కట్టిన నారు ఇంకో దారి, ఖర్చు ఎక్కువ గానీ జబ్బు నేలలో పనికొస్తుంది.

మల్బరీ దగ్గర ఈ ఎండు తెగుళ్ళ చిక్కు ఇంకా గట్టిగా బిగుస్తుంది. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్ ఈ చుట్టుపక్కల పల్లెలకు నెల నెలా డబ్బు చూపించే చోటు. ధర్మవరం మగ్గం ఆడాలంటే ఎక్కడో ఒకచోట మల్బరీ ఆకు పచ్చగా ఉండాలి. మల్బరీ వేరుకుళ్ళు పట్టిన మొక్క కత్తిరింపు తర్వాత సరిగా చిగుర్చదు, ఉన్న ఆకు పసుపు తిరిగి రాలుతుంది, పీకితే వేరు బెరడు చేతికి ఊడి వస్తుంది. ఫ్యుజేరియం, మాక్రోఫోమినా వంటి బూజులు దీనికి కారణం. నులిపురుగు ముందే వేరును గాయపరిచి ఉంటే బాధ రెట్టింపు. వేరుశనగ రైతు ఒక పంట పోగొట్టుకుంటాడు. మల్బరీ తోట పదేళ్ళకు పైగా ఉండాల్సినది కాబట్టి ఇక్కడ నష్టం ఏళ్ళతో లెక్క. పైగా ఆకు తినేది పట్టుపురుగు. మందు కొట్టిన ఆకు గడువు కాకముందే మేతకు వేస్తే జబ్బు కంటే వైద్యమే చంపుతుంది. అందుకే ఇక్కడ జీవ పద్ధతులు ఫ్యాషన్ కోసం వచ్చినవి కావు, తప్పనిసరై వచ్చినవి. చచ్చిన మొక్కను వేరుతో సహా తవ్వి కాల్చడం, ఆ గుంటలో వేపపిండి, ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజు కలిపిన పశువుల ఎరువు వేసి కొంతకాలం ఆగి నాటడం, జబ్బు తోట నుంచి నాటు కొమ్మ తేకపోవడం. హిందూపురం పక్కన కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశోధన సంస్థ ఉంది. అయినా జబ్బు వచ్చిన తోట నుంచే కొమ్మలు అడిగి తెచ్చి నాటేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఊరికే వస్తుందన్న ఆశ అది.

పూలలో కనకాంబరం ఒక్కటి చెప్పి ఆపుతాను. దాని ఎండు తెగులులో ఫ్యుజేరియం సోలానీకి వేరుగాయం చేసే నులిపురుగు తోడవుతుంది. ఒక్క బూజుమందుతో తగ్గలేదని వాపోయే పూల రైతులు వేరును కడిగి చూస్తే కారణం తెలుస్తుంది.

ఇక నివారణ. విత్తనశుద్ధి అన్నిటికంటే చవక, అన్నిటికంటే ఎక్కువగా వదిలేసేది. వేరుశనగ కిలో విత్తనానికి 1 గ్రాము టెబుకొనజోల్ 2 డి.ఎస్. గానీ 3 గ్రాముల మాంకోజెబ్ గానీ పట్టిస్తే మొదటి నెల చావులు బాగా తగ్గుతాయి. వరస ముఖ్యం: ముందు బూజుమందు, తర్వాత పురుగుమందు, ఆరాక చివరగా రైజోబియం. తలకిందులు చేస్తే రైజోబియం చస్తుంది.

ట్రైకోడెర్మా మీద రెండు వైపులా అతి ఉంది. కొందరికి అది సర్వరోగ నివారిణి, కొందరికి బూటకం. నిజం ఏమిటంటే అది బతికున్న బూజు. పొడి నేలలో, సేంద్రియ పదార్థం లేని ఎర్రమట్టిలో ఊరికే చల్లితే ఆకలితో పోతుంది. 2 కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపి, నీడలో తడి ఆరకుండా రెండు వారాలు ఉంచి, తేమ ఉన్న నేలలో వేస్తే నిలబడుతుంది. ఎండలో అంగడి అరుగు మీద నెలలు పడి ఉన్న పొట్లం, గడువు తీరిన పొట్లం, రెండూ వట్టి పొడే. వచ్చిన ఫలితాల్లో తేడాకు పెద్ద కారణం సరుకు నాణ్యత, వాడిన తీరు. బూజు తప్పు తక్కువ.

నారుమళ్ళకు మన ఎండే మందు. మే నెలలో మడిని బాగా తడిపి పలచటి పారదర్శక పాలిథీన్ పరచి అంచులు మట్టితో మూసి నాలుగైదు వారాలు ఉంచితే పైపొర నేలలోని బూజులు, కలుపు గింజలు చాలా వరకు చస్తాయి. 1976లో ఇజ్రాయెల్‌లో కటాన్ బృందం దీన్ని లోకానికి చూపించింది. ఎండ కరువు లేని ధర్మవరంలో ఇది ఇంకా అరుదుగానే కనిపించడం నాకు ఆశ్చర్యం.

పంటల కలగలుపు వైపు తిరిగి వెళ్ళాలనే మాట ఈ ప్రాంతంలో గట్టిగా వినిపిస్తున్నది చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టు కలెక్టివ్ నుంచి, ప్రకృతి వ్యవసాయం చేసే రైతుల నుంచి. కొర్ర, సామ, జొన్నలతో మళ్ళీ నేలను నింపడం కరువు కోసం మొదలైనా, ఎండు తెగుళ్ళకూ అదే పెద్ద మందు. వేరుశనగ తర్వాత వేరుశనగ అన్న నలభై ఏళ్ళ అలవాటే ఈ బూజులకు మేత పెట్టింది. ప్రకృతి వ్యవసాయంలో విత్తనానికి పట్టించే బీజామృతం ఒక్కటే మొదలుకుళ్ళును ఆపుతుందన్న మాటను నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. జబ్బు చరిత్ర ఉన్న నేలలో విత్తనశుద్ధి మందును మానేయమని చెప్పడం రైతు తల మీద ప్రయోగం చేయడమే. పంట మార్పిడి, సేంద్రియ ఎరువు, మంచి విత్తనం కుదిరిన చేనులో మాత్రం ఆ మందు అవసరం ఏటికేడు తగ్గుతుంది.

కదిరిలో వేరుశనగ పరిశోధన కేంద్రం ఉంది, పల్లెల్లో రైతు సేవా కేంద్రాలు ఉన్నాయి. అక్కడికి మొక్క పట్టుకుపోయేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పూర్తిగా ఎండి కట్టె అయిన మొక్కను తీసుకుపోకండి. దాని మీద చచ్చినదాన్ని తినే బూజులన్నీ చేరి అసలు కారణాన్ని కప్పేస్తాయి. సగం వాడి సగం పచ్చగా ఉన్న మొక్కను, లాగకుండా పారతో తవ్వి, వేరు చుట్టూ మట్టితో సహా, తడి కాగితంలో చుట్టి, అదే రోజు తీసుకుపోండి. పక్కనే ఉన్న బాగున్న మొక్క ఒకటి కూడా తీసుకుపోండి. ముందటేడు ఆ చేనులో ఏం వేశారో, విత్తనం ఎక్కడిదో, చివరి తడి ఎప్పుడు పెట్టారో ఒక చీటీ మీద రాసుకుని పోండి. సీసా కొనడం ఆ తర్వాత.